గడప దాకా వచ్చిన వంక

మా ఊరికి పడమటనున్న రాళ్లగుట్ట మీద మబ్బు పట్టిందంటే నాకు ఒకచోట కాలు నిలవదు. పొయ్యి మీద ఎసరు పెట్టి వాకిట్లోకి వస్తాను. వాకిట్లోంచి వీధి చివరకు పోతాను. అక్కడ నిలబడి, గుట్ట మీంచి నీళ్లు దిగే వంకలోకి తొంగి చూస్తాను. వంకలో ఇసుక, కంపచెట్లు, ఎవరిదో తెగిన చెప్పు తప్ప ఏమీ ఉండవు. తిరిగి వచ్చేసరికి ఎసరు ఇగిరిపోయి గిన్నె అడుగు మాడుతుంటుంది.

"కాలు కాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు, కూసోమే," అంటాడు మా ఆయన.

కూర్చుంటాను. కూర్చున్న చోటి నుంచి గుట్ట కనబడకపోతే మళ్లీ లేస్తాను.

కోసిగిలో ఆటో ఎక్కి లోపలికి పోతే వచ్చే ఊరు మాది. కరువు ఊరని చుట్టుపక్కల పేరు. పత్తి తీసెయ్యగానే సగం ఊరు ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతుంది. దాన్ని మేము సుగ్గికి పోవడం అంటాం. అలాంటి ఊళ్లో ఇంట్లోకి వరద వచ్చిందని చెబితే ఎవరు నమ్ముతారు? ఒక మిరపచేను ఆసామితో చెప్పాను ఒకసారి. ఆయన పడీ పడీ నవ్వాడు. తాగడానికి నీళ్లు లేవంటారు, మునిగిపోయామంటారు, ఏదో ఒకటి అనండమ్మా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన చేలో కూలికి ఉన్నాను కాబట్టి నేనూ నవ్వాను.

మా వాన సంగతి వాళ్లకు తెలియదు. ఏడాదంతా ముఖం చాటేసి ఏదో ఒక మధ్యాహ్నం మొత్తంగా కుమ్మరించి పోతుంది. గుట్ట మీద నీటిని పట్టుకునేది ఏమీ లేదు, అంతా బోడి బండలు. పడిన నీళ్లు పడినట్టే జారి వంకలోకి దూకుతాయి. మా మీద చినుకు కూడా పడకుండానే ఎర్రటి నీళ్లు వీధిలోకి వచ్చిన రోజులున్నాయి. ఊరి మొత్తంలో పల్లపు వీధి మాది, చర్చి వీధి. పైవీధుల వాళ్లకు అక్కర్లేని చోటు కాబట్టి మా తాతలకు దక్కింది. చర్చికి మాత్రం ఎత్తుగా అరుగు కట్టుకున్నారు. దేవుడు తడవకుండా ఉన్నాడు, మేం తడిశాం.

ఒక ఏడు వచ్చిన నీళ్లు గడప దాటి ఇంట్లో మోకాలి లోతు నిలిచాయి. జొన్నల మూటలు నాని మొలకలెత్తాయి. దుప్పట్లు ఎన్నిసార్లు ఉతికినా మన్ను వాసన పోలేదు. నాపబండల నేల మీద బురద ఎత్తి పోస్తూ మా ఆయన నడుము పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. చేతిలోని పార పక్కన పెట్టి అన్నాడు:

"ఇంగొక్కసారి నీళ్లు గడప దాటి లోపలికొస్తే ఈడ ఉండేది లేదు. కల్లూరు పోదాం."

ఆయన తమ్ముడు పట్నం పక్కనున్న కల్లూరులో నాపబండలు పాలిష్ పట్టే చోట పని చేస్తాడు. నీకూ పని ఇప్పిస్తాను రారా అని ఎప్పటి నుంచో పిలుస్తున్నాడు. నేను ఆ మాటకు ఎదురు చెప్పలేదు. చెప్పి లాభం లేదు. మా ఆయన మాట తక్కువ మనిషి. అన్నాడంటే అన్నదే. పొగాకు మానేస్తానని ఒక ఆదివారం చర్చిలో నిలబడి చెప్పాడు, మళ్లీ ఈ రోజు దాకా ముట్టలేదు. అబద్ధం ఆడటం అసలే చేతకాదు. కూలికి రాలేనప్పుడు మేస్త్రీతో జ్వరమని చెప్పవయ్యా అంటే, "జ్వరం ల్యా గదా" అంటాడు. అలాంటి మనిషి కల్లూరు అన్నాక అది కల్లూరే.

నాకు కల్లూరంటే పగేమీ లేదు. మరిది ఇంట్లో కొన్నాళ్లు ఉండి వచ్చాను. కొత్త ఇళ్లు, రంగులు, పిలిస్తే ఆగే షేర్ ఆటోలు, ట్యాపు తిప్పితే నీళ్లు. అన్నీ బాగానే ఉన్నాయి. రెండో రోజుకే నాకు ఊపిరాడలేదు. ఆ ఇంటి యజమాని మేడ మీంచి దిగుతుంటే మా తోటికోడలు మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేసేది. నా బతుకంతా సుగ్గి పట్టల కింద గడిచింది. చేలగట్ల మీద నాలుగు కర్రలు పాతి, పట్ట కప్పి, పని అయిపోగానే పీకి చుట్టి లారీ ఎక్కించే ఇళ్లు అవి. ఈ మట్టిమిద్దె ఒక్కటే పీకి చుట్టే పని లేని ఇల్లు. దీన్ని కూడా వదిలిపెట్టాలంటే నాకు మనసు ఒప్పలేదు. ఆ రోజు నుంచే ఈ కాలు నిలవని జబ్బు పట్టుకుంది.

ఆ మరుసటి ఎండాకాలం, సుగ్గి నుంచి జనం తిరిగి వచ్చిన రోజుల్లో, గుట్ట కింద వంకకు అడ్డంగా చిన్న చిన్న రాళ్లకట్టలు వేస్తారని తెలిసింది. ఉపాధి పని కింద. మా వాళ్లు దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. ఒక ఇంజనీరు సారు వచ్చి చర్చి అరుగు మీద కూర్చుని చెప్పాడు. కట్ట ఒక్కటే పెద్దది కాదు, పై నుంచి కింది దాకా వరసగా చిన్నవి. సిమెంటు ఉండదు, మన్ను ఉండదు, ఉత్త రాళ్లు పేర్చడమే. రాళ్ల మధ్య సందులుండాలి. నీళ్లు ఆ సందుల్లోంచి కారుతూ పోవాలి.

"నీళ్లను ఆపద్దు. నడవనియ్యండి, పరిగెత్తనియ్యకండి, అంతే," అన్నాడు సారు. "సందుల్లో మన్ను కూరితే కట్ట వెనక బరువు పెరుగుతుంది. పెద్ద వానొస్తే కట్టా నీళ్లూ కలిసి మీ వీధిలోకి వస్తాయి."

అందరూ తలలూపారు. నేనైతే మెడ నొప్పి పుట్టేదాకా ఊపాను. ఆ మాట నాకోసమే చెప్పినట్టు అనిపించింది.

పని మొదలైన రోజు మా పాస్టరయ్య ప్రార్థన చేశాడు. పైవీధి వాళ్లు టెంకాయ కొట్టారు. ప్రార్థన ఎంతకీ ముగియకపోతే టెంకాయ పట్టుకున్నాయన, "అయ్యా, ఎండకు నా టెంకాయ ఉడుకుతాండాది, రోంత తొందరగా కానీ," అన్నాడు. పాస్టరయ్య కళ్లు మూసుకునే నవ్వి ఆమేన్ అన్నాడు.

రాళ్లు కావాలి. పైచేలలో రాళ్లకు కొదవ లేదు. అక్కడ ఒక అవ్వ చేను ఉంది, వంక గట్టు మీద, మా చిన్న చేనిచెక్కకు ఎదురుగా. ఆమె భర్త బతికున్నన్నాళ్లూ దుక్కిలో తగిలిన ప్రతి రాయీ ఏరి చేను మూలన పోశాడు. అది మనిషి ఎత్తు దాటిన కుప్ప. ఆయన పోయాక ఎవరూ దాన్ని కదిలించలేదు. రాళ్లు ఇస్తావా అవ్వా అని అడగడానికి మా పని చూసే మేటు వెనకాడితే నేనే పోయాను. ఆమె కుప్ప చుట్టూ ఒకసారి తిరిగింది.

"మా యింటాయన ఒగొక్కటి ఏరి పోసినాడు," అంది. "తీసుకపోండిమే. ఈడ ఊరికే పడుండేదానికి, ఆడ నీళ్లన్నా చూస్తాయి."

బారుగా నిలబడి చేతి నుంచి చేతికి రాళ్లు అందించాం. పొద్దు ఎక్కేకొద్దీ రాళ్లు చేతులు కాల్చేవి. చేతులకు పాతగుడ్డలు చుట్టుకున్నాం. సందుల గురించి నా పోరు పడలేక జనం నాకు ఇంజనీరమ్మ అని పేరు పెట్టారు. ఎవరైనా చిన్న రాయి తీసుకుని సందులో దూర్చబోతే నేను వెనకే నిలబడి ఉండేదాన్ని. మా ఆయన మాత్రం పెద్ద పెద్ద రాళ్లు ఎంచి అడుగున వేసేవాడు. అన్నిటికంటే కిందిది, మా చెక్క పక్కనే వచ్చిన కట్ట, అన్నిటిలోకీ పెద్దది. దాన్ని పెద్దకట్ట అన్నాం.

మొదటి వాన మరీ పెద్దది కాదు, చిన్నదీ కాదు. నేను గొడుగు కూడా లేకుండా వీధి చివర నిలబడ్డాను. ఎప్పుడూ ఉరుకుతూ వచ్చే వంక ఆ రోజు నెమ్మదిగా వచ్చింది. ఇసుకను తడుపుతూ, కంపచెట్ల కాళ్ల దగ్గర తిరుగుతూ, చీకటి పడే వేళకు కూడా అలాగే పారుతోంది. వీధిలోకి చుక్క రాలేదు. నేను తడి చీరతోనే ఇంట్లోకి వచ్చి మా ఆయన ముందు నిలబడి నవ్వాను. ఆయన కూడా నవ్వాడు కానీ, కాసేపటికి లేచి పెద్దకట్ట దగ్గరికి పోయాడు.

మర్నాడు పొద్దుటికి వంక ఎండిపోయింది. నాకు అది శుభవార్త. ఊరికి అది చావు వార్త.

నేను ఆ మాట మొదట సరిగా అర్థం చేసుకోలేదు. చేతులు బొబ్బలెక్కి, నడుములు విరిగి కట్టలు కడితే, నీళ్లు ఒక్క పూట కూడా ఆగకుండా పోయాయని జనం గోలపెట్టారు. టీ అంగడి దగ్గర ఒకాయన, "కట్టనా అది, జల్లెడనా?" అన్నాడు. ఇంకొకాయన, "మనం నీళ్లు పోనిచ్చేదానికి కూలి తీసుకుంటిమా?" అన్నాడు. సారు చెప్పింది నేను మళ్లీ చెప్పబోతే, "ఇంజనీరమ్మా, గమ్మునుండు," అన్నారు. వాళ్లలో ఎవరికీ సారు మాట అర్థం కాక కాదు. కళ్ల ముందు నీళ్లు పోతుంటే ఊరికే చూసే ఓపిక మా ఊళ్లో ఎవరికీ లేదు. బిందె వంగి నాలుగు చుక్కలు ఒలికితేనే మా అమ్మ నా వీపు మీద ఒకటి వేసేది. అలా పెరిగిన వాళ్లం మేమంతా.

తర్వాతి వాన వెలిశాక పెద్దకట్ట వెనక నీళ్లు నిలిచాయి. ఒకరోజు నిలిచాయి, రెండోరోజూ నిలిచాయి. పోయి చూస్తే రాళ్ల సందుల్లో బంకమన్ను కూరి ఉంది. మన్ను వెనక యూరియా సంచులు, ప్లాస్టిక్ పట్టలు. పనిమంతుడి చెయ్యి అది. కొసలన్నీ లోపలికి మడిచి, మన్ను ముద్దలు చేత్తో నునుపుగా అద్ది ఉన్నాయి. ఎవరు చేశారని అడిగితే గొర్రెలు కాసేవాళ్లని పైవీధి వాళ్లన్నారు. పైవీధి వాళ్లని గొర్రెలు కాసేవాళ్లన్నారు. మా ఆయన్ను అడిగాను. ఆయన పార కడుగుతూ, "నీళ్లుంటే నీకేం కష్టమే," అన్నాడు. నేను వినాల్సింది వినలేదు. పోట్లాడే తొందరలో ఉన్నాను.

మడుగు పెరిగింది. దాని సంగతి నిజం చెప్పాలంటే, అంత అందమైనది మా ఊళ్లో నేను ఎన్నడూ చూడలేదు. పొద్దునపూట గుట్ట అందులో తలకిందులుగా కనబడేది. కొంగలు వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయో, వాటికి ఎవరు చెప్పారో. బర్రెలు మెడదాకా మునిగి లేవమంటే లేచేవి కావు. అవ్వ రోజూ తన బర్రెను తోలుకొచ్చి, కట్ట మీద తన భర్త రాళ్లున్న చోటే కూర్చునేది. పాస్టరయ్య ఆదివారం మడుగు పేరు చెప్పి స్తోత్రం చేయించాడు. నేను కూడా ఇంట్లోని దుప్పట్లన్నీ మోసుకుపోయి అందులో ఉతికాను. అప్పుడు పోయింది వాటి మన్ను వాసన. ఉతుకుతూ తల ఎత్తి గుట్ట వైపు చూశాను. మబ్బు లేదు. అయినా నీళ్లలోంచి కాళ్లు బయటికి తీసేసుకున్నాను.

ఇంటికి వచ్చి జొన్నల మూటలు మంచం మీదకెత్తాను. దింపి చూసుకుని మళ్లీ ఎత్తాను. తినేటప్పుడు కూడా గడప వైపు చూస్తూ తినేదాన్ని. అది పాత గడప. ఇన్నేళ్లు తొక్కి తొక్కి నడిమధ్య పల్లంగా అరిగింది. ఆ పల్లంలో సిమెంటు మెత్తుదామని మా ఆయనతో అంటే, గడప మీద సిమెంటు ఏంటికి అన్నాడు. అదీ నిజమే. పెద్దకట్టలో మన్ను తీసేయమని ప్రతి ఇంటికీ పోయి చెప్పాను. అందరూ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. ఒక్కరూ కదల్లేదు. పైకట్టలు బాగానే ఉన్నాయి గదా, ఒక్కటి నిలబెట్టుకుంటే ఏమైతాది అన్నారు. చెప్పడానికి నా దగ్గర సారు మాట తప్ప ఏమీ లేదు. సారు ఆ తర్వాత ఈ వైపే రాలేదు.

ఆ మధ్యాహ్నం గుట్ట వెనక మబ్బు మామూలుగా పట్టలేదు. నల్లగా, కిందికి దిగి, బండల్ని ఆనుకుని నిలబడింది. గాలి ఆగిపోయింది. మా ఆయన ఇంట్లో లేడు, కోసిగి సంతకు పోయాడు. నేను ఎసరు దింపేశాను. గడ్డపార భుజాన వేసుకుని వంక వెంబడి పైకి నడిచాను. నడక కాదు, పరుగే. ఎవరో ఎక్కడికి అని అరిచారు. నిలబడి చెప్పే తీరిక లేదు.

పెద్దకట్ట దగ్గర అవ్వ ఒక్కతే ఉంది. బర్రెను బయటికి తోలుతోంది. నేను కట్ట పైవరస రాళ్లు కదిలిస్తుంటే దగ్గరికి వచ్చింది.

"ఏం చేస్తాండావుమే?"

"సందులు తెరుస్తాండా అవ్వా. ఆ మబ్బు చూసినావా?"

"చూసినా. నీళ్లన్నీ పోతాయి గదా."

"పోకుంటే కట్ట తెగి మా ఇంట్లోకొస్తాయి. వస్తే మేం ఊరిడిసి పోవాల."

ఆమె నా వైపు చూసింది, మడుగు వైపు చూసింది. నన్ను అడ్డుకోలేదు. సాయానికీ రాలేదు. రాయి మీద కూర్చుని కొంగు తల మీదికి లాక్కుంది. నాకు ఆమెను చూస్తే పాపం అనిపించింది, కానీ చేతులు ఆగలేదు.

మన్ను ఎండి గట్టిపడింది. గడ్డపారతో పొడిచి, చేత్తో గీకి, ఒక పట్ట కొస పట్టుకుని లాగాను. అది రాలేదు. కాలు తన్నిపెట్టి మళ్లీ లాగాను. మన్నుతో సహా బారెడు ముక్క నా చేతిలోకి వచ్చింది. దాని అంచున ఎర్ర చీర కొంగు ముక్క కుట్టి ఉంది. దబ్బనంతో, పురికొసతో, వంకరటింకరగా.

ఆ కుట్టు నాది. ఆ చీర నాది. అది మా సుగ్గి పట్ట. ఏటా మేం ఎండకు, మంచుకు తల దాచుకునే పట్ట. ఎక్కడ చిరిగితే అక్కడ నా పాతచీరలతో అతుకులు వేస్తూ వచ్చాను. సుగ్గికి బయలుదేరే రోజు తప్ప దాన్ని అటక మీంచి దింపం కాబట్టి, అక్కడ లేదన్న సంగతి నాకు తెలియనే లేదు. దాన్ని ఎవరో దొంగిలించి ఉంటారని ఒక్క క్షణం అనుకున్నాను. తర్వాత కోసిన అంచు చూశాను. చింపలేదు, కత్తితో నెమ్మదిగా, నా కుట్లు తెగకుండా పక్కనుంచి కోశారు. అలా కోసే మనిషి నాకు ఒక్కడే తెలుసు.

వెనక ఎవరో రొప్పుతూ ఎక్కివస్తున్న చప్పుడైంది. మా ఆయనే. చేతిలో సంత సంచి ఇంకా అలాగే ఉంది. నా చేతిలోని ముక్కను చూసి నిలబడిపోయాడు.

"ఇది నువ్వు కోసినావా?" అన్నాను.

"కోసినా."

"సుగ్గికి పోతే యాడ పండుకుంటాం?"

"ఈయేడు సుగ్గికి పోయేది ల్యాకుండా చేద్దామనుకుంటి," అన్నాడు. మా చెక్క వైపు చెయ్యి చూపించాడు. "నీళ్లు నిలిస్తే ఆడ నేలలో పదును ఉంటాది. శనగ ఏస్తే మన చేలో మనమే ఉంటాం గదా అని."

"కల్లూరు పోదామంటివి?"

"నీళ్లు లోపలికొస్తే అంటి."

నాకు కోపం వచ్చింది. దానికంటే ముందు ఏడుపు వచ్చింది. ఇల్లు విడిచిపోదామన్న మనిషే, ఎవరికీ చెప్పకుండా తట్టలతో మన్ను మోసుకొచ్చి, మా ఇంటి మీదికి వచ్చేలా నీళ్లు కట్టి పెట్టాడు. పోవడం ఇష్టం లేక కట్టాడు. ఇష్టం లేదన్న ముక్క నాతో అంటే ఏం పోయింది? నేను ఇన్నాళ్లు పడ్డ తిప్పలు, పోట్లాటలు, మాడిన గిన్నెలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో గుట్ట మీద వాన దిగిన చప్పుడు వినబడింది, చాలా దూరం నుంచి, లారీ వస్తున్నట్టు.

ఆయన సంచి కింద పడేసి గడ్డపార అందుకున్నాడు. తను ఎక్కడెక్కడ కూరాడో ఆయనకు తెలుసు. ఆయన పొడుస్తుంటే నేను లాగాను. ఒక్కో ముక్కా వస్తుంటే నీళ్లు ఆ సందులోంచి ఎర్రగా, సన్నగా, తర్వాత చేతి లావున దూకాయి. మడుగు పైమట్టం చూస్తుండగానే తగ్గసాగింది. అప్పుడు అవ్వ లేచి వచ్చింది.

"సగం ఉంచండప్పా," అంది.

మా ఆయన నా వైపు చూశాడు. మొత్తం తీసెయ్యమనడానికి నాకు హక్కుంది. ఇల్లు నాది, భయం నాది. నేను అవ్వ వైపు చూశాను. ఆమె వెనక కట్టలో ఆమె భర్త రాళ్లు అడుగున ఇంకా నీళ్లలో ఉన్నాయి. పక్కన మా చెక్క కనబడుతోంది.

"సగం ఉండనీ," అన్నాను.

అడుగు వరసల్లోని మన్ను అలాగే వదిలి దిగాం. మేం వీధి చేరేలోపే వాన మమ్మల్ని పట్టుకుంది. ఇంట్లోకి వచ్చి, మూటలన్నీ మంచం మీదున్నాయో లేదో చూసుకుని, గడప లోపల ఇద్దరం నిలబడ్డాం. ఎదురుగా చర్చి గోడ కూడా కనబడని వాన అది. వెనకగోడను పడమటి గాలి వాన నీళ్లతో చరుస్తోంది.

వంక వీధిలోకి వచ్చింది. ముందటేటి మాదిరి ఎగిరి దూకలేదు. కానీ వచ్చింది. మొదటి మెట్టు మునిగింది. రెండోదీ మునిగింది. వాన సన్నగిల్లినా నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి, గుట్ట మీది నీళ్లు అప్పుడే మాకు చేరేది. నేను ఆయన చెయ్యి పట్టుకోలేదు, ఆయనా నాది పట్టుకోలేదు. ఇద్దరి చేతుల్లోనూ ఇంకా బంకమన్ను ఉంది. నీళ్లు గడపను తాకి ఆగాయి. ఆగిపోయాయనే అనుకున్నాను. అప్పుడు, నడిమధ్య అరిగిన ఆ పల్లంలోంచి, సన్నగా, చప్పుడు లేకుండా లోపలికి వచ్చాయి. నాపబండ మీద చేటంత మేర పరుచుకుని, మంచం కోడు దాకా పోయి, ఆగాయి. కాసేపటికి బయట మట్టం తగ్గింది. మెట్లు ఒకటొకటిగా బయటపడ్డాయి.

నేను గుట్ట వైపు చూడలేదు. ఆయన నోటి వైపు చూస్తున్నాను. గడప దాటితే అన్నాడు. దాటింది. ఈ మనిషి అన్నమాట తప్పడు, అబద్ధమాడడు. నాకు కల్లూరు వీధులు, మేడ మీంచి దిగే యజమాని కనబడుతున్నారు.

ఆయన భుజం మీది తువ్వాలు తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఆ నీళ్లను ఒక చివర నుంచి తుడుచుకుంటూ వచ్చాడు. తలుపు బయటికి చెయ్యి చాపి తువ్వాలు పిండాడు. ఎర్రమన్ను నీళ్లు మెట్ల మీద పడ్డాయి.

"జల్లు కొట్టిండాది," అన్నాడు, నా వైపు చూడకుండా. "తలుపు ఏసుకోకపోతిమి."

మా తలుపు తూర్పుకు. వాన పడమట నుంచి వచ్చింది. ఆ తలుపులోంచి చినుకు కూడా లోపలికి పడలేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"అవు, జల్లే," అన్నాను. "తువ్వాలిట్లియ్యి. మంచం కింద ఇంకా తడి ఉండాది."